సుడోలోని పాత బగ్ మీ లినక్స్ మెషిన్‌లో ఇంకా ఉందా? చూసుకోవడం, సరిచేయడం ఎలా

లినక్స్ వాడేవాళ్లు రోజుకు ఎన్నిసార్లు సుడో కొడతారో లెక్కుండదు. మెషిన్ మీద సర్వాధికారాలున్న ‘రూట్’ ఖాతా పేరుతో పని చేయించే కమాండ్ అది. ప్యాకేజీ పెట్టాలన్నా, సర్వీస్ రీస్టార్ట్ చేయాలన్నా ముందు ఆ మాటే. 2011 జులైలో ఆ కమాండ్‌లోకి ఒక బఫర్ ఓవర్‌ఫ్లో, అంటే తీసుకున్న జాగా దాటి మెమరీలో రాసేసే బగ్, వచ్చి చేరింది. 2021 జనవరి 26న క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ బయటపెట్టేదాకా, తొమ్మిదిన్నరేళ్లు అది ఎవరి కంటా పడలేదు. సెక్యూరిటీ లోపాలకిచ్చే గుర్తింపు నంబర్లలో దానిది సీవీఈ-2021-3156. హైతీ వూడూ నమ్మకాల్లో బారన్ సామెడీ అనే ఆత్మ ఉంది. ఆ పేరుకు, ఫైళ్లు మార్చడానికి వాడే సుడోఎడిట్ కమాండ్‌ని అతికించి వాళ్లు దీన్ని ‘బారన్ సామెడిట్’ అన్నారు.

పాత బగ్ కదా, ఎప్పుడో పోయుంటుందిలే అని నేనూ అనుకున్నాను. ఆ తర్వాత తెలిసినవాళ్ల కాలేజీ ల్యాబ్‌కి వెళ్లాను. ఎప్పుడో ఒకసారి తయారుచేసిన డిస్క్ ఇమేజ్‌నే ఏటా అన్ని మెషిన్లకూ కాపీ చేస్తున్నారు. ఇమేజ్‌తో పాటు బగ్ కూడా ఏటా కొత్తగా ఇన్‌స్టాల్ అవుతోంది. మీ దగ్గరా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది: అద్దెకు తీసుకుని మర్చిపోయిన సర్వర్, ఆఫీసులో ఎవరూ ముట్టుకోని పాత మెషిన్, లేదా ల్యాప్‌టాప్‌లోని వర్చువల్ మెషిన్. ఒక్కో దానికి పది నిమిషాలు చాలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఫోన్‌లో ఒకరు చెబుతుంటే మరొకరు టైప్ చేస్తున్నట్టు అనుకోండి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. అన్నీ చిన్న అక్షరాలే. పెద్దది కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ముందు, ఇది ఎవరికి ప్రమాదం

ఈ బగ్‌తో బయటినుంచి నెట్‌వర్క్ ద్వారా నేరుగా లోపలికి రాలేరు. మెషిన్‌లో ఏదో ఒక యూజర్‌గా కాలు పెట్టాలి. కానీ ఆ యూజర్‌కి సుడో అనుమతి ఉండనక్కర్లేదు, ఆ అనుమతులు రాసుండే సుడోయర్స్ ఫైల్‌లో పేరుండనక్కర్లేదు, పాస్‌వర్డ్ కూడా తెలియనక్కర్లేదు. ఏ హక్కులూ లేని ‘నోబడీ’ ఖాతా చాలు, నేరుగా రూట్ అయిపోవచ్చు.

‘నా సర్వర్‌లో నేనొక్కడినే కదా’ అని ఇక్కడే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మీ వెబ్‌సైట్‌లో ఫొటో అప్‌లోడ్ చేసే పేజీలో చిన్న లోపం ఉందనుకోండి. దాంట్లోంచి దూరినవాడు వెబ్ సర్వర్ యూజర్‌గా లోపలుంటాడు. ఆ యూజర్‌కి మామూలుగా పెద్దగా అధికారాలుండవు. ఈ బగ్ ఉంటే మాత్రం వాడికి మెషిన్ మొత్తం తాళాలు దొరికినట్టే. ల్యాబ్ మెషిన్లలో అంత శ్రమ కూడా అక్కర్లేదు. ప్రతి విద్యార్థికీ లాగిన్ ఉంది.

లోపల ఏం జరుగుతోంది

ఇది చదవకుండా తర్వాతి మెట్టుకి వెళ్లినా పని జరుగుతుంది. కానీ నాకు ఈ బగ్‌లో బాగా నచ్చిన భాగం ఇదే, అందుకని కాస్త ఆగుతాను.

షెల్ మోడ్‌లో, అంటే హైఫన్ ఎస్ పెట్టి పిలిచినప్పుడు, సుడో మీరిచ్చిన మాటల్లోని ప్రత్యేక గుర్తుల ముందు ఒక్కో బ్యాక్‌స్లాష్ పెడుతుంది. తర్వాత, మీకు అనుమతి ఉందో లేదో సుడోయర్స్‌తో పోల్చే ముందు ఆ బ్యాక్‌స్లాష్‌లను తీసేస్తుంది. పెట్టే కోడ్ ఒక చోట, తీసే కోడ్ ఇంకో చోట.

తీసేచోట రెండు పనులు జరుగుతాయి. మొదట అన్ని మాటల పొడవునూ కొలిచి, అంత జాగాను హీప్ అనే మెమరీ భాగంలో తీసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కో అక్షరాన్నీ అందులోకి కాపీ చేస్తుంది. సి భాషలో మాట ఎక్కడ అయిపోయిందో తెలిపేది చివర ఉండే సున్నా బైట్. కొలిచేవాడు ఆ సున్నా దగ్గర బుద్ధిగా ఆగుతాడు. కాపీ చేసేవాడి పద్ధతి వేరు. బ్యాక్‌స్లాష్ కనిపిస్తే దాన్ని వదిలేసి, దాని పక్కనున్నది స్పేస్ లాంటి ఖాళీ గుర్తు కానంతవరకు ఏమిటని అడక్కుండా తీసేసుకుంటాడు.

మరి మాటలో చివరి అక్షరమే బ్యాక్‌స్లాష్ అయితే? దాని పక్కనున్నది సున్నా బైట్. దాన్నీ మామూలు అక్షరంలా కాపీ చేసి, ఒక అడుగు ముందుకు వేస్తాడు. హద్దురాయి దాటేశాడు, దాటానని వాడికి తెలియదు. ఇంకో సున్నా తగిలేదాకా కాపీ చేసుకుంటూనే పోతాడు. కొలిచిన జాగా మాత్రం మొదట కొలిచినంతే. మిగిలిందంతా పక్కవాడి మెమరీ మీద పడుతుంది.

ఆ హద్దు దాటాక ఏముంటుందో చూడండి. ప్రోగ్రామ్‌కిచ్చిన మాటలు మెమరీలో వరసగా ఉంటాయి, వాటి వెనకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే ప్రోగ్రామ్‌కి పేరు, విలువ జంటలుగా అందే సెట్టింగులు, ఉంటాయి. వాటిలో ఏముండాలో నిర్ణయించేది కమాండ్ కొట్టేవాడే. అంటే ఎంత పొంగాలి, పొంగినదాంట్లో ఏ బైట్లుండాలి అనేదంతా దాడి చేసేవాడి చేతిలోనే ఉంది. మామూలు ఓవర్‌ఫ్లోల్లో ఇంత స్వేచ్ఛ దొరకదు.

మామూలుగా సుడో హైఫన్ ఎస్ కొడితే ఇది జరగదు. పెట్టే కోడ్ ప్రతి బ్యాక్‌స్లాష్‌కీ ఇంకోటి జతచేస్తుంది కాబట్టి చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ మిగలదు. కానీ సుడోనే సుడోఎడిట్ అనే పేరుతో పిలిచి హైఫన్ ఎస్ ఇస్తే, పెట్టే కోడ్ ‘ఇది ఎడిట్ కదా, నాకు సంబంధం లేదు’ అని పక్కకు తప్పుకునేది. తీసే కోడ్ మాత్రం తన పని తాను చేసేది. అసలు ఎడిట్‌కి హైఫన్ ఎస్ అనేదే చెల్లదు, మొదట్లోనే వెనక్కి పంపాలి. పంపలేదు.

మొదటి మెట్టు: వెర్షన్ చూడటం

టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి:

సుడో -వి

ఇక్కడ వి పెద్ద అక్షరం. చిన్నది కొడితే వేరే పని చేస్తుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. వచ్చినదాంట్లో మొదటి లైన్ చూస్తే చాలు. 1.8.2 నుంచి 1.8.31పి2 వరకు, 1.9.0 నుంచి 1.9.5పి1 వరకు ఉన్నవాటిలో ఈ బగ్ ఉంది. సరిచేసిన వెర్షన్ 1.9.5పి2. అది గానీ దానికన్నా కొత్తది గానీ కనిపిస్తే ఈ బగ్ గురించి నిశ్చింతగా ఉండొచ్చు. మీది ఉబుంటు 25.10 అయితే సుడో అనగానే వచ్చేది రస్ట్ భాషలో కొత్తగా రాసిన వేరే ప్రోగ్రామ్, ఈ లెక్కలు దానికి వర్తించవు.

1.8.31 అని కనిపిస్తే? కంగారు పడకండి. అలాగని సుడో పాతదని అప్పుడే తేల్చేయకండి కూడా. ఈ నంబర్‌ని మాత్రమే నమ్మకూడదు. ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ లాంటివి ఒక విడుదలలో పెట్టిన వెర్షన్‌ని మామూలుగా మార్చవు. సెక్యూరిటీ లోపం వస్తే ఆ రిపేర్ ఒక్కదాన్నే పాత వెర్షన్‌లోకి తెచ్చి కుడతాయి. ఉబుంటు 20.04లో రిపేర్ అయిన సుడో కూడా తనను తాను 1.8.31 అనే చెప్పుకుంటుంది. వెర్షన్ నంబర్ చూసి సర్వర్లన్నీ ప్రమాదంలో ఉన్నాయని రిపోర్ట్ ఇచ్చే స్కానర్లతో నాకు చాలాసార్లు ఇదే పేచీ.

రెండో మెట్టు: సుడోనే అడగడం

రూట్‌గా కాకుండా మామూలు యూజర్‌గా లాగిన్ అయి ఇలా కొట్టండి:

సుడోఎడిట్ -ఎస్ /

ఎస్ చిన్న అక్షరం. తర్వాత ఒక స్పేస్, ఆపై ఒక స్లాష్. దీనివల్ల ఏదీ క్రాష్ అవదు, ఏ ఫైలూ మారదు. హైఫన్ ఎస్‌ని ఎడిట్‌తో కలిపి ఇస్తే ఒప్పుకుంటుందా లేదా అని అడుగుతున్నాం, అంతే.

రిపేర్ అయిన సుడో వెంటనే ‘యూసేజ్’ అనే మాటతో మొదలయ్యే మెసేజ్ ఇస్తుంది. అంటే నువ్వు కొట్టిన పద్ధతే తప్పు, సరిగ్గా వాడు అంటోంది. ఆ మాట వస్తే మీకు ఇక పని లేదు.

‘సుడోఎడిట్’ అని మొదలయ్యే ఎర్రర్ వస్తే, ఉదాహరణకి స్లాష్ అనేది మామూలు ఫైల్ కాదు అని చెబితే, బగ్ ఉన్నట్టు. ముందుగా పాస్‌వర్డ్ అడిగినా అంతే. బాగున్న సుడో అయితే పాస్‌వర్డ్ దాకా రానే రాదు, వాకిట్లోనే వెనక్కి పంపేస్తుంది. పాస్‌వర్డ్ అడిగిందంటే తప్పు కమాండ్‌ని లోపలికి రానిచ్చిందన్నమాట. అక్కడే కంట్రోల్, సి నొక్కి బయటికొచ్చేయండి, సమాధానం దొరికింది.

నెట్‌లో దొరికే దాడి స్క్రిప్టులు తెచ్చి ‘నిజంగా రూట్ వస్తుందా’ అని చూడాలనిపిస్తుంది. ఆఫీసు మెషిన్ మీద మాత్రం వద్దు. ఎవరో రాసిన స్క్రిప్ట్ రూట్ తెచ్చుకున్నాక ఇంకేం చేస్తుందో మీకు తెలియదు.

మూడో మెట్టు: ప్యాకేజీ కాగితాలు చూడటం

ఆడిట్ వాళ్లకు చూపించాలంటే కమాండ్ సమాధానం చాలదు, ప్యాకేజీ నంబర్ కావాలి. ఉబుంటు, డెబియన్‌లలో డీపీకేజీ -ఎల్ సుడో అని కొట్టండి. సెంటోస్, రెడ్‌హ్యాట్‌లలో ఆర్పీఎమ్ -క్యూ సుడో. రిపేర్ మొదట ఏ నంబర్‌లో వచ్చిందో చూసుకోండి: ఉబుంటు 20.04లో 1.8.31-1ఉబుంటు1.2, ఉబుంటు 18.04లో 1.8.21పి2-3ఉబుంటు1.4, డెబియన్ 10లో 1.8.27-1+డెబ్10యు3, సెంటోస్ 7లో 1.8.23-10.ఇఎల్7_9.1. మీ దగ్గర అదే గానీ దాని తర్వాతది గానీ ఉంటే సరిపోయింది. ఆర్పీఎమ్ ఉన్నచోట -క్యూ పక్కన --చేంజ్‌లాగ్ కలిపి, వచ్చినదాంట్లో 3156 అని వెతికితే ఇంకా సులువు. ఆ నంబర్ కనిపిస్తే రిపేర్ లోపలున్నట్టే.

నాలుగో మెట్టు: అప్‌డేట్

ముందు ఒక జాగ్రత్త. రెండో టెర్మినల్ తెరిచి అందులో సుడో -ఐ కొట్టి, రూట్‌గా ఉంచి పక్కన పెట్టండి. అప్‌డేట్‌లో ఏదైనా తేడా వచ్చి సుడో పనిచేయకపోతే వెనక్కి రావడానికి ఆ కిటికీ ఉంటుంది. నూటికి తొంభైతొమ్మిది సార్లు అవసరం పడదు. పడిన రోజున మాత్రం, దూరంలో ఉన్న సర్వర్ అయితే, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఉబుంటు, డెబియన్ అయితే సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --ఓన్లీ-అప్‌గ్రేడ్ సుడో. ఫెడోరా, కొత్త రెడ్‌హ్యాట్ కుటుంబంలో సుడో డీఎన్ఎఫ్ అప్‌డేట్ సుడో. సెంటోస్ 7లో డీఎన్ఎఫ్ బదులు యమ్.

మీరెప్పుడైనా సుడోయర్స్ ఫైల్‌ని నేరుగా మార్చి ఉంటే, ఉబుంటులో మధ్యలో ఆగి, పాత ఫైల్ ఉంచాలా కొత్తది పెట్టాలా అని అడగొచ్చు. ఉన్నదే ఉంచమనండి. కొత్తది పెడితే మీరు రాసుకున్న అనుమతులన్నీ పోతాయి.

మెషిన్ రీస్టార్ట్ అక్కర్లేదు. సుడో వెనకాల నిరంతరం నడిచే సర్వీస్ కాదు, కొట్టిన ప్రతిసారీ కొత్తగా లేస్తుంది. అప్‌డేట్ అయిన వెంటనే రెండో మెట్టులోని కమాండ్ మళ్లీ కొట్టండి. ‘యూసేజ్’ రావాలి. వచ్చాకే ఆ రూట్ కిటికీ మూయండి.

అప్‌డేట్ చేసినా పాత సమాధానమే వస్తోందా? ఇంకో సుడో ఉండి ఉంటుంది. టైప్ -ఏ సుడో అని కొట్టండి, ఏ చిన్న అక్షరం. యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో ఎవరో ఎప్పుడో సోర్స్ నుంచి కట్టి పెట్టింది కనిపిస్తే, ప్యాకేజీ మేనేజర్ దాన్ని ముట్టుకోదు. మీరే తీసేయాలి.

ఐదో మెట్టు: కంటికి కనిపించని మెషిన్లు

విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడేవాళ్లు గుర్తుపెట్టుకోండి, లోపలున్న ఉబుంటుని విండోస్ అప్‌డేట్ పట్టించుకోదు. అందులోకి వెళ్లి మీరే ఆప్ట్ నడపాలి. డాకర్ కంటైనర్లదీ ఇదే కథ. బయట మెషిన్‌లో సుడో బాగున్నా, పాత ఇమేజ్ లోపల పాత సుడోనే ఉంటుంది. నడుస్తున్న కంటైనర్‌లో అప్‌డేట్ చేసి వదిలేయకండి, రేపు మళ్లీ లేపితే పాతదే వస్తుంది. ఇమేజ్‌నే కొత్తగా కట్టాలి. నేను చెప్పిన ల్యాబ్‌లో కూడా మెషిన్లను కాదు, ముందు ఆ డిస్క్ ఇమేజ్‌ని సరిచేయించాం.

మ్యాక్‌లోనూ సుడో ఉంది, ఈ బగ్ అక్కడా ఉంది. ఆపిల్ 2021 ఫిబ్రవరి 9న బిగ్ సర్ 11.2.1తో సరిచేసింది. దానికన్నా కొత్త సిస్టమ్ మీద ఉంటే మీరు చేయాల్సిందేమీ లేదు.

ఆరో మెట్టు: అప్‌డేటే రాని ముసలి మెషిన్

ఆప్ట్ గానీ యమ్ గానీ ఫైళ్లు దొరకడం లేదని 404 ఎర్రర్లు ఇస్తుంటే, ఆ విడుదలకు కాలం చెల్లిందేమో చూడండి. సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30తో ముగిసింది. కానీ ఈ బగ్ రిపేర్ అంతకు ముందే వచ్చింది కాబట్టి, ప్యాకేజీలు తెచ్చుకునే రెపో చిరునామాని సెంటోస్ పాత సరుకు ఉంచే వాల్ట్‌కి మారిస్తే అక్కడ దొరుకుతుంది. సెంటోస్ 6 పరిస్థితి దారుణం. దాని గడువు 2020 నవంబర్ 30. బగ్ బయటపడింది దాదాపు రెండు నెలలకి. దానికి సెంటోస్ నుంచి రిపేర్ రాలేదు.

అలాంటి మెషిన్ మీద కొందరు సుడోఎడిట్ అనే లింక్‌ని తీసేసి చేతులు దులుపుకుంటారు. అది పనిచేయదు. తనను ఏ పేరుతో పిలిచారో సుడో చూసుకుంటుంది. ఆ పేరు చివర ‘ఎడిట్’ అని ఉంటే చాలు, సుడోఎడిట్‌లా ప్రవర్తిస్తుంది. ఎవరైనా తన హోమ్ ఫోల్డర్‌లో అసలు సుడోకి ‘నాఎడిట్’ అని ఓ లింక్ పెట్టుకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

పనిచేసే మార్గం సెట్‌యూఐడీ బిట్ తీయడం. సుడోని ఎవరు నడిపినా రూట్ అధికారంతో నడిచేది ఆ బిట్ వల్లే. ఎల్ఎస్ -ఎల్‌తో చూస్తే అనుమతుల వరసలో నాలుగో స్థానంలో ఎక్స్ ఉండాల్సిన చోట ఎస్ కనిపిస్తుంది. రూట్‌గా సీహెచ్‌మాడ్ యు-ఎస్ కొట్టి పక్కన సుడో ఫైల్ దారి ఇస్తే అది పోతుంది. ఆపై పొంగినా పొంగేది మామూలు యూజర్ అధికారంతోనే. కానీ ఇకపై ఎవరూ సుడో వాడలేరు. రూట్ పని కావాలంటే ఎస్‌యూ కొట్టి రూట్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఉబుంటులో రూట్‌కి మొదట పాస్‌వర్డే ఉండదు. కాబట్టి బిట్ తీయకముందే సుడో పాస్‌డబ్ల్యూడీ రూట్ అని కొట్టి ఒకటి పెట్టుకోండి. వరస తప్పితే మీ ఇంటికి మీరే తాళం వేసి, తాళంచెవి లోపల వదిలినట్టు.

దారిలో ఉన్నప్పుడే ఇంకోటి

ఇంత పాత మెషిన్ మీద కూర్చున్నాం కాబట్టి దీనికి అన్నలాంటి బగ్‌నీ చూసేయండి. సుడో పాస్‌వర్డ్ అడిగినప్పుడు, మీరు కొడుతున్న కొద్దీ నక్షత్రాలు కనిపిస్తున్నాయా? మామూలుగా ఏమీ కనిపించకూడదు. కనిపిస్తే పీడబ్ల్యూ‌ఫీడ్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. లినక్స్ మింట్, ఎలిమెంటరీ ఓఎస్‌లలో అది ముందే ఆన్ చేసి ఇచ్చేవాళ్లు. 1.7.1 నుంచి 1.8.30 వరకున్న సుడోల్లో ఈ సెట్టింగ్ ఉంటే, పాస్‌వర్డ్ చోట భారీ ఇన్‌పుట్ పంపి స్టాక్ అనే మెమరీ భాగాన్ని పొంగించవచ్చు. నంబర్ సీవీఈ-2019-18634. అప్‌డేట్ కుదరకపోతే వి‌సుడో కొట్టి, ఫైల్‌లో డిఫాల్ట్స్ అనే మాట (మొదటి డి పెద్ద అక్షరం) తర్వాత ఒక స్పేస్ ఇచ్చి, ఆశ్చర్యార్థకం పెట్టి, దానికి ఆనించి పీడబ్ల్యూ‌ఫీడ్‌బ్యాక్ అని ఒక లైన్ రాయండి. నక్షత్రాలు ఆగిపోతాయి, ప్రమాదమూ పోతుంది. నానోతో సుడోయర్స్‌ని నేరుగా తెరవకండి. వి‌సుడో అయితే తప్పు రాస్తే సేవ్ చేసే ముందే పట్టుకుంటుంది.

మీరే సి లో టూల్స్ రాస్తుంటే

మీ చిన్న టూల్‌లో ఇలాంటిది ఉందో లేదో తెలుసుకోవడానికి కోడ్ అంతా తిరిగి చదవనక్కర్లేదు. జీసీసీ లేదా క్లాంగ్‌తో కంపైల్ చేసేటప్పుడు -జి, -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్ అనే రెండు ఆప్షన్లు కలపండి. ఆ తర్వాత టూల్‌కి మంచి ఇన్‌పుట్ కాదు, చెత్త ఇన్‌పుట్ ఇవ్వండి: చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉన్న మాట, ఖాళీ కోట్స్, వేల అక్షరాల పొడవున్న మాట. అసలు ఏ మాటా ఇవ్వకుండా, ప్రోగ్రామ్ పేరు కూడా లేకుండా పిలిచి చూడండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, 2022 జనవరిలో పీకేఎగ్జెక్ అనే కమాండ్‌లో క్వాలిస్ పట్టుకున్న బగ్ సరిగ్గా అలా పిలిచినప్పుడే బయటపడేది. అది 2009 నుంచీ ఉంది.

హద్దు దాటగానే ప్రోగ్రామ్ అక్కడే ఆగి, ‘హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో’ అని పేరు పెట్టి, ఏ ఫైల్‌లో ఏ లైన్‌లో రాశారో, ఆ జాగాని ఎక్కడ తీసుకున్నారో రెండూ చూపిస్తుంది. ఆ రెండు లైన్లనూ పక్కపక్కన పెట్టి చూడండి: కొలిచేచోట ఎక్కడ ఆగుతున్నారు, నింపేచోట ఎక్కడ ఆగుతున్నారు. సుడోలో చేసిన రిపేర్ కూడా చాలా చిన్నదే. బ్యాక్‌స్లాష్ పక్కనున్నది సున్నా బైటా అని నింపేచోట ఒక ప్రశ్న చేర్చారు, ఎడిట్‌కి చెల్లని హైఫన్ ఎస్‌ని వాకిట్లోనే ఆపేశారు. రెండో మెట్టులో మీకు ‘యూసేజ్’ అని సమాధానమిచ్చింది ఆ రెండోదే.